పోయిన పాఠాలు, వచ్చిన నిధులు

కరోనా వల్ల 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. చాలా రాష్ట్రాల్లో చిన్న తరగతుల పిల్లలు మళ్ళీ బడి మెట్లెక్కేసరికి రెండేళ్ళు కావచ్చింది. ఆ నష్టం ఎంతో 'అసర్' సర్వే చెప్పింది. మన గ్రామాల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 2018లో 27.3 శాతం. 2022లో వారు 20.5 శాతానికి పడిపోయారు. 2024లో మళ్ళీ 27.1 శాతానికి చేరారు. పోయినది దాదాపు తిరిగొచ్చిందని సంతోషించవచ్చు. కానీ నలుగురిలో ముగ్గురికి ఇప్పటికీ ఆ పాఠం చదవడం రాదు.

పిల్లలూ, ఇది మీ సంగతి కూడా. కరోనా ఒకసారే వచ్చింది, నాన్నకో అమ్మకో బదిలీ మాత్రం మూడేళ్ళకోసారి వస్తుంది. బదిలీ ఉద్యోగుల పిల్లల చదువు చెదరకూడదనే 1963లో కేంద్రీయ విద్యాలయాలు మొదలయ్యాయి. దేశమంతా ఒకటే పాఠ్యపుస్తకం. అయినా ఒక ఊళ్ళో ఇంకా మొదలుపెట్టని భిన్నాలు మరో ఊళ్ళో అయిపోయి ఉంటాయి. భాష సంగతి మరీ కష్టం. విశాఖపట్నంలో తెలుగు చదివిన పిల్ల జోధ్‌పూర్ వెళితే అక్కడ తెలుగు తరగతి ఉండదు. రెండేళ్ళ తర్వాత సికింద్రాబాద్ వచ్చేసరికి వత్తులు మరిచిపోయి ఉంటుంది. ఊరూరా తిరిగే తెలుగు ఉపాధ్యాయులం కాబట్టి ఇలాంటి పిల్లలు మాకు ప్రతి బడిలోనూ ఎదురవుతారు.

మరి దీన్ని పూడ్చడానికి డబ్బు లేదా? ఉంది. రాష్ట్ర ప్రభుత్వ బడులకు 2018 నుంచి సమగ్ర శిక్ష కింద విద్యార్థుల సంఖ్యను బట్టి ఏడాదికి లక్ష రూపాయల దాకా పాఠశాల గ్రాంటు వస్తుంది. గ్రంథాలయానికి 5,000 నుంచి 20,000 వరకు ఇస్తారు. వెనకబడినవారి ప్రత్యేక బోధనకు వేరే పద్దు ఉంది. మన విద్యాలయాలకు కేంద్రం ఇచ్చే నిధులతో పాటు మీ తల్లిదండ్రులు కట్టే విద్యాలయ వికాస్ నిధి ఉంటుంది. దారులు వేరైనా ప్రశ్న ఒకటే: ఆ డబ్బు ముందుగా దేనికి ఖర్చు కావాలి?

వస్తువు కొనడం తేలిక. దానికి బిల్లు ఉంటుంది, స్టాకు రిజిస్టరులో ఎక్కుతుంది, ఫోటోలో కనిపిస్తుంది. ఒక పిల్లవాడి పక్కన కూర్చుని చదివించిన గంట ఏ రిజిస్టరులోనూ ఎక్కదు. అందుకే మార్చి 31 దగ్గర పడితే, మిగిలిన డబ్బు వెనక్కి పోతుందన్న కంగారులో వస్తువులే వచ్చి పడతాయి.

మా అభిప్రాయంలో ముందు కావలసింది పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో తెలుసుకోవడం. ఒక్కొక్కరి చేత ఐదు నిమిషాలు పైకి చదివించి, రెండు లెక్కలు చేయిస్తే చాలు. దీనికి కాగితం ఖర్చు తప్ప ఏమీ లేదు. ప్రథమ్ సంస్థ పిల్లలను తరగతిని బట్టి కాక, వచ్చినదాన్ని బట్టి గుంపులు చేసి చదివిస్తుంది. మన బడుల్లోనూ రోజుకు ఒక్క పీరియడు అలా చేయవచ్చు.

రెండోది, మనిషి సమయం. తమిళనాడు 2021లో 'ఇల్లం తేడి కల్వి' ప్రారంభించింది. ఊళ్ళోని వాలంటీర్లు నెలకు 1,000 రూపాయలు తీసుకుని సాయంత్రాలు పిల్లలకు చదువు చెప్పారు. ఆ రాష్ట్రంలో పరిశోధకులు వేలమంది పిల్లలను పరీక్షించి చూశారు. బడులు తెరిచిన ఆరు నెలల్లో వెనకబాటు మూడింట రెండు వంతులు పూడింది, అందులో దాదాపు నాలుగో వంతు ఈ సాయంత్రపు చదువుల వల్లేనని తేల్చారు. ఖరీదైన యంత్రం ఏదీ లేకుండానే ఇంత జరిగింది.

మూడోది, పిల్లల చేతికందే పుస్తకాలు. తాళం వేసిన బీరువాలో ఉన్నవి లెక్కలోకి రావు. తెలుగు తరగతి లేని ఊళ్ళో కూడా పది తెలుగు కథల పుస్తకాలు కొనడం ఏ బడికీ భారం కాదు. ఇంటికి పంపితే అమ్మో తాతయ్యో చదివిస్తారు.

కారే పైకప్పు ఆగదు, మరుగుదొడ్డి ఆగదు, వాటికి ఖర్చు పెట్టాల్సిందే. స్మార్ట్ బోర్డు కూడా మంచిదే. అయితే అక్షరాలు కూడబలుక్కునే పిల్లవాడికి దానికంటే ముందు పక్కన కూర్చునే మనిషి కావాలి.

మీరూ ఒక పని చేయండి. ఈసారి బదిలీ అయితే టి.సి.తో పాటు ఒక కాగితం తీసుకెళ్ళండి. ఏ పాఠాలు అయ్యాయో, ఏవి కాలేదో, ఏది అర్థం కాలేదో రాసి కొత్త టీచరు చేతికివ్వండి. "ఇది నాకు రాదు" అని చెప్పడం సిగ్గుపడాల్సిన విషయం కాదు. ఆ మాట విన్నాకే బడి తన డబ్బును ఎక్కడ పెట్టాలో తెలుసుకోగలదు.