హేజింగ్‌కి ఆన్‌లైన్ క్విజ్ మందా?

ఏడాదికోసారి మనందరి ఇన్‌బాక్సులో ఒక మెయిల్ వచ్చి పడుతుంది. ఫలానా తేదీలోగా కంప్లయన్స్ ట్రైనింగ్ పూర్తి చెయ్యకపోతే మేనేజర్‌కి ఎస్కలేట్ అవుతుందని. తర్వాత మనం ఏం చేస్తామో నేను చెప్పక్కర్లేదు. ఒక పక్క బిల్డ్ నడుస్తుంటే ఇంకో పక్క నెక్స్ట్, నెక్స్ట్, నెక్స్ట్, చివర్లో పది ప్రశ్నలు, 80 శాతం వస్తే సర్టిఫికెట్. రాకపోతే మళ్ళీ రాయొచ్చు, ప్రశ్నలు అవే :) దానివల్ల ఎవడైనా మారాడా లేదా అన్నది కంపెనీకి అనవసరం. రేపు ఏదన్నా జరిగితే "మేం ముందే చెప్పాం, ఇదిగో అతని సర్టిఫికెట్" అని చూపించుకోడానికి కావాలి, అంతే.

సరిగ్గా ఇదే సరుకుని అమెరికాలో చాలా కాలేజీలు హేజింగ్ నివారణ అని పేరు పెట్టి పద్దెనిమిదేళ్ళ పిల్లల చేతిలో పెడుతున్నాయి. దీని మీద నాకు చాలా కోపంగా ఉంది. ఎందుకో చెప్తాను.

ఇండియాలో ఉన్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఫ్రెటర్నిటీ అంటే గ్రీకు అక్షరాల పేరు పెట్టుకున్న మగపిల్లల సంఘం. చేరాలనుకున్నవాడు కొన్ని వారాలపాటు "ప్లెడ్జ్"గా, అంటే సగం సభ్యుడిగా ఉండాలి. ఆ వారాల్లో పాతవాళ్ళు పెట్టే పరీక్షలే హేజింగ్. "ఓహో, మన ర్యాగింగే కదా" అంటారు మనాళ్ళు. కాదండీ. ర్యాగింగ్ మనం సీటు తెచ్చుకున్న పాపానికి మీద పడేది, తప్పించుకు తిరుగుతాం. హేజింగ్‌కి మాత్రం కుర్రాడు తనే నడిచి వెళ్తాడు. అది ఆ గుంపులో చోటుకి కట్టే ధర. సగం ధర కట్టాక వెనక్కి రావడం ఎంత కష్టమో ఆగిపోయిన ప్రాజెక్టులు చూసిన మనకి తెలీదా.

మనకెందుకీ గోల అంటారా? 90ల చివర్లో, 2000ల మొదట్లో హెచ్‌1 మీద వచ్చినవాళ్ళ పిల్లలు ఇప్పుడు కాలేజీల్లో ఉన్నారు. పైగా మన దక్షిణాసియా పిల్లలకి వేరే ఫ్రెటర్నిటీలే ఉన్నాయి. ఆస్టిన్‌లో 1998లో ఒకటి పుట్టింది, మరుసటి ఏడాది లాస్ ఏంజెలెస్‌లో ఇంకోటి. వాటిని నేనేం అనడం లేదు. కానీ "మనవాళ్ళ పిల్లలే కదా, చదువుకునే పిల్లలు, వాళ్ళేం చేస్తారు" అని ఊరుకునే అమ్మానాన్నలకి ఒక సంగతి చెప్పాలి.

2013 డిసెంబర్‌లో న్యూయార్క్ బరూక్ కాలేజీ నుంచి ఒక ఆసియన్-అమెరికన్ ఫ్రెటర్నిటీ వాళ్ళు పెన్సిల్వేనియాలో పోకనోస్ కొండల్లో ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నారు. ఇసక నింపిన బ్యాగు వీపుకి కట్టి, కళ్ళకి గంతలు కట్టి, గడ్డకట్టిన పెరట్లో ప్లెడ్జ్‌ల్ని నడిపిస్తూ మీద పడి తొయ్యడం వాళ్ళ ఆచారం. దానికి "గ్లాస్ సీలింగ్" అని పేరు. ఆసియా నుంచి వలస వచ్చినవాళ్ళు పడ్డ కష్టాలు అర్థమవ్వాలట! 19 ఏళ్ళ మైకేల్ డెంగ్ పడిపోయి మళ్ళీ లేవలేదు. అంబులెన్స్ పిలవలేదు. బట్టలు మార్చారు, లక్షణాలు నెట్‌లో వెతికారు, ఆఖరికి తమ కార్లో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. 2017లో జ్యూరీ ఆ ఫ్రెటర్నిటీ సంస్థనే దోషిగా తేల్చింది. తాగుబోతు గుంపు కాదు, అందరూ బుద్ధిగా చదువుకునే వలస కుటుంబాల పిల్లలే.

ఇప్పుడు అసలు విషయం. ప్లెడ్జ్‌లుగా గడిపే ఆ వారాలకి ఫ్రెటర్నిటీలు పెట్టుకున్న మర్యాదైన పేరేంటో తెలుసా? "న్యూ మెంబర్ ఎడ్యుకేషన్". దాన్ని నడిపేవాడి హోదా "న్యూ మెంబర్ ఎడ్యుకేటర్". అంటే హేజింగ్ ఆపడానికి ఎడ్యుకేషన్ పెంచాలి అంటున్నవాళ్ళకి తెలియంది ఏంటంటే, హేజింగ్ జరిగేదే ఎడ్యుకేషన్ అన్న బోర్డు కింద. 2017 సెప్టెంబర్‌లో లూసియానా స్టేట్ యూనివర్సిటీలో మ్యాక్స్ గ్రూవర్ అనే 18 ఏళ్ళ కుర్రాడు చనిపోయింది ఒక క్విజ్‌లోనే. ఫ్రెటర్నిటీ చరిత్ర మీద, గ్రీకు అక్షరాల మీద ప్రశ్నలు. తప్పు చెప్తే 95 శాతం ఆల్కహాలున్న సీసా ఎత్తాలి. ఆ ఆటకి "బైబిల్ స్టడీ" అని పేరు. కుర్రాడి రక్తంలో ఆల్కహాలు 0.495 శాతం తేలింది, డ్రైవింగ్‌కి ఉన్న పరిమితికి ఆరు రెట్లు. ఆ జాతీయ సంస్థ తన ఇళ్ళల్లో మద్యం ఉండకూడదని 2000లోనే నియమం పెట్టుకుంది మరి.

అదే ఏడాది ఫిబ్రవరిలో పెన్ స్టేట్. అది కూడా కాగితం మీద మద్యం లేని ఇల్లే. సెక్యూరిటీ కెమెరాలున్నాయి. పెద్దవాడైన సలహాదారు ఒకాయన ఆ ఇంట్లోనే ఉండేవాడు. మన భాషలో చెప్పాలంటే ఆడిట్‌లో అన్ని బాక్సులూ టిక్ అయిన ఇల్లు. తిమొతీ పియాజా చేత 82 నిమిషాల్లో 18 సార్లు మందు తాగించారని ప్రాసిక్యూటర్లు లెక్క తేల్చారు. మెట్ల మీంచి పడ్డాడు. మోసుకొచ్చి సోఫాలో పడేశారు. వాంతి వస్తే ఊపిరాడక చస్తాడని వీపుకి బరువైన బ్యాగు తగిలించారు, వెల్లకిలా తిరక్కుండా. చూశారా, వాళ్ళకి తెలియక కాదు! ఎంత ప్రమాదమో తెలుసు, దానికి సొంత వర్కరౌండ్ కూడా కనిపెట్టుకున్నారు. తెలియనిదల్లా 911కి ఫోన్ చెయ్యడం. ఆ ఫోన్ పడింది దాదాపు 12 గంటల తర్వాత. ఇదంతా కెమెరాల్లో రికార్డయింది. ఏడేళ్ళ తర్వాత, 2024లో, ఇద్దరు నాయకులకి పడిన శిక్ష రెండు నుంచి నాలుగు నెలల జైలు.

ఈ కుర్రాళ్ళకి "హేజింగ్ తప్పు, అవునా కాదా" అని ప్రశ్న ఇస్తే నూటికి నూరు తెచ్చుకుంటారు. 2008లో మెయిన్ యూనివర్సిటీ వాళ్ళు 53 కాలేజీల్లో 11 వేల మందికి పైగా విద్యార్థుల్ని అడిగారు. క్లబ్బుల్లో, టీముల్లో, సంఘాల్లో ఉన్నవాళ్ళలో 55 శాతం మందికి హేజింగ్ లాంటివి జరిగాయి. అయితే అలా జరిగినవాళ్ళలో పదికి తొమ్మిది మంది తమకి జరిగింది హేజింగ్ అనుకోవడం లేదు. నిర్వచనం బట్టీ పట్టించే క్విజ్ దీన్నేం చేస్తుంది? నిర్వచనం వాళ్ళకి వచ్చు. తమ ఇంటికి వర్తించదు అనుకుంటున్నారు.

ఇక మన సంగతి. మన వాటా లేదనుకోకండి. పిల్లాడు ఫోన్లో ప్లెడ్జింగ్ మాట ఎత్తగానే మన తరం తండ్రులు చేసే మొదటి పని, హాస్టల్ కబుర్లు మొదలుపెట్టడం. నేను చదివిన కాలేజీలో సీనియర్ ఎదురైతే చొక్కా మూడో గుండీ మీంచి చూపు ఎత్తకూడదు. రాత్రి రెండింటికి లేపి ఇంట్రో ఇమ్మనేవాళ్ళు. వీకెండ్ పార్టీల్లో ఇవన్నీ నవ్వుతూ చెప్పుకుంటాం, "అదే లేకపోతే మనకి ఈ బోల్డ్‌నెస్ వచ్చేదా అన్నా" అని ముక్తాయింపు. పక్కన పిల్లలు వింటూ ఉంటారు. మన బ్యాచ్‌లో కాలేజీ మానేసి వెళ్ళిపోయినవాడు ఆ పార్టీకి రాడు కాబట్టి వాడి వెర్షన్ ఎవరూ వినరు. ఈ తియ్యటి జ్ఞాపకాల వెనక ఉన్న కిటుకు 1959లోనే ఆరన్సన్, మిల్స్ అనే ఇద్దరు సైకాలజిస్టులు బయటపెట్టారు. ఒక చర్చా బృందంలో చేరడానికి ఎక్కువ సిగ్గుపడే పరీక్ష దాటాల్సి వచ్చిన విద్యార్థినులు, పరమ బోరు చర్చని కూడా బాగుందన్నారు. పడ్డ కష్టం వృథా అని ఒప్పుకోడానికి మనసు రాదు. మన బోల్డ్‌నెస్ కథ కూడా ఆ బాపతే అని నా అభిప్రాయం.

అఫిడవిట్ల మీద నమ్మకం కూడా మనం చూసిందే. ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లోనే వచ్చింది. 2009లో హిమాచల్‌లో సీనియర్ల దెబ్బలకి ఒక మెడికో చనిపోయాక యూజీసీ నిబంధనలొచ్చాయి, పిల్లలూ తల్లిదండ్రులూ హామీ పత్రాలు ఇవ్వడం మొదలైంది. ఆ పత్రం చదివి సంతకం పెట్టిన నాన్న ఒక్కడు కనబడితే చెప్పండి.

మరి ఏం చెయ్యాలంటావ్ అంటారు కదా. నేనైతే ఆ "సగం సభ్యుడు" అనే అంతస్తునే తీసిపారెయ్యమంటాను. ఎస్‌ఏఈ అనే పెద్ద ఫ్రెటర్నిటీ 2014లో ప్లెడ్జింగ్ రద్దు చేసింది. పిలిచిన నాలుగు రోజుల్లోపు పూర్తి సభ్యత్వం. కాగితం మీద రద్దయితే చాటుగా నడపరా అంటే, నడుపుతారు. కానీ ఆ రోజు నుంచీ వాడి చేతిలో ఓటు ఉంటుంది, ఎవడి దయా అక్కర్లేదు. ప్రొడక్షన్లో యాక్సెస్ కంట్రోల్ తప్పుగా ఉంటే యూజర్లకి నీతిపాఠాలు చెప్పం కదా, పర్మిషన్లు మారుస్తాం.

పాఠమే చెప్పాలంటే ఒక్కటి చెప్పండి చాలు. తాగడం ఆపేశాక కూడా రక్తంలో ఆల్కహాలు కొంతసేపు పెరుగుతూనే ఉంటుంది, కాబట్టి "పడుకుంటే తగ్గిపోతుంది" అన్నది అబద్ధం. లేపితే లేవనివాడికి 911. పియాజా పేరుతో పెన్సిల్వేనియా 2018లో చేసిన చట్టంలో, ఫోన్ చేసి సాయం వచ్చేదాకా దగ్గరే ఉన్నవాడికి రక్షణ ఉంది. ఈ సంగతి ఎంతమంది పిల్లలకి తెలుసు?

2024 డిసెంబర్‌లో దేశం మొత్తానికీ స్టాప్ క్యాంపస్ హేజింగ్ యాక్ట్ వచ్చింది. ఇష్టపడే చేశాడన్న సాకు చెల్లదని నిర్వచనంలోనే రాశారు. దోషిగా తేలిన సంఘాల పేర్లు, ఏం చేశారో, ఎప్పుడు చేశారో కాలేజీ తన సైటులో పెట్టాలి, ఏడాదికి రెండుసార్లు మార్చాలి. తొలి నివేదికలకి గడువు 2025 డిసెంబర్ 23. క్యాంపస్‌లో నివారణ కార్యక్రమాలు ఉండాలని కూడా ఉంది, దాన్నే మళ్ళీ నెక్స్ట్-నెక్స్ట్-ఫినిష్ చేస్తారేమో అన్నది నా భయం. పేర్ల జాబితా మాత్రం పనికొచ్చేది. కాలేజీ ర్యాంకింగ్‌ల మీద ఎక్సెల్ షీట్లు తయారుచేసే మన తండ్రులు ఆ పేజీ కూడా తెరవాలి. ఒక చిక్కుంది. ఎవర్నీ దోషిగా తేల్చని కాలేజీ ఏమీ ప్రచురించక్కర్లేదు, గుర్తింపు లేని సంఘాలు ఆ లెక్కలోకే రావు. అంచేత పేజీ ఖాళీగా ఉంటే సంబరపడకుండా ఆ చాప్టర్‌వాళ్ళనే అడగమని మీవాడికి చెప్పండి: కొత్తగా చేరినవాడికి ఎన్నో రోజున ఓటు వస్తుంది, ప్లెడ్జ్‌లకి మాత్రమే పెట్టే రాత్రి కార్యక్రమాలు ఏవి, వాటికి ఫోన్ దగ్గర ఉంచుకోవచ్చా లేదా. మూడో ప్రశ్నకి "ఫోన్లు బయట పెట్టాలి, అది మా సంప్రదాయం" అని జవాబొస్తే మిగతా రెండూ అడగక్కర్లేదు.