పుట్టింట్లో ఒకటి, అత్తింట్లో ఒకటి

మా పుట్టిల్లు ఉదయగిరి, అత్తిల్లు ఆత్మకూరు. ఈ వారం చెప్పబోయే సంగతికి ఈ రెండిళ్ళూ కావాలి కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

రెండేళ్ళ కిందట నా ఫోను నిండిపోయింది. ఫోటో తీయబోతే చోటు లేదంటుంది, వాట్సాప్ తెరిస్తే చోటు లేదంటుంది. మావారు ఒక హార్డ్ డిస్కు కొనుక్కొచ్చారు. అరచేతిలో పట్టేంత నల్లటి పెట్టె, దానికో పొట్టి తీగ. లాప్‌టాప్‌కి తగిలించి ఫోన్లో ఉన్న ఫోటోలూ వీడియోలూ అన్నీ అందులోకి ఎక్కించాం. ఎక్కడం అయిపోయాక ఫోన్లోంచి మొత్తం తీసేశాను. ఫోనూ తేలికపడింది, నా మనసూ తేలికపడింది. "అంతా బ్యాకప్ చేసేశాను వదినా" అని ఉదయగిరికి ఫోను చేసి గొప్పలు కూడా పోయాను.

ఆ పెట్టెలో మా అమ్మ ఉంది. ఆమె చివరి మూడేళ్ళ ఫోటోలు, పండగ పూట తీసిన చిన్న చిన్న వీడియోలు, మట్టిదాకలో చేపల పులుసు పెడుతూ ఒక్కొక్కటే విడమరచి చెప్పిన ఇరవై నిమిషాల వీడియో. అమ్మ పోయాక దాన్ని చూసే ధైర్యం లేక చూడలేదు. ఉందిలే, ఎప్పుడైనా చూడొచ్చులే అన్న ధీమా మాత్రం ఉండేది.

ఆరు నెలలు తిరిగాయో లేదో, ఒకరోజు డిస్కుని భోజనాల బల్ల మీద పెట్టి పెళ్ళి ఫోటోలు చూస్తున్నాం. మా మనవడు బల్ల కింద నుంచి దూసుకుపోయాడు. కాలికి తీగ తగులుకుంది. డిస్కు గచ్చు మీద పడింది. తీసి మళ్ళీ పెడితే లోపల్నుంచి టక్... టక్... టక్... అని గడియారం కొట్టుకున్నట్టు శబ్దం. ఊళ్ళో కంప్యూటర్ల కుర్రాడు చూసి చేతులెత్తేశాడు. చెన్నైకి పంపితే, లోపలి పళ్ళెం గీసుకుపోయింది, ఏమీ రాదన్నారు.

మా వదిన అన్నమాట నాకు గట్టిగా తగిలింది. "అదేందమ్మా, బ్యాకప్ చేశానంటివే. రెండోది ఏడుండాది?"

రెండోది లేదు. నేను చేసింది బ్యాకప్ కాదు. ఉన్న ఒక్క ప్రతినీ ఫోన్లోంచి తీసి పెట్టెలో పెట్టాను, అంతే. చోటు మార్చాను. ఈ తేడా నాలాగే చాలామందికి తెలియదని తర్వాత నలుగురితో మాట్లాడితే అర్థమైంది. అందుకే ఇదంతా రాస్తున్నాను.

ఆవకాయ పెట్టే ఇల్లాలికి ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. పెద్ద జాడీలోది చిన్న జాడీలోకి మారిస్తే ఆవకాయ రెండింతలు కాదు. అది పగిలితే ఆ ఏడాదికి ఇక లేనట్టే. కూతురింటికి ఒక జాడీ పంపించిన తల్లికి మాత్రం ఇక్కడ పగిలినా అక్కడ ఉంటుంది. బ్యాకప్ అంటే కూతురింటి జాడీ. ఫోటోలకి ఇంకో సుఖం కూడా ఉంది, ఎంతమందికి పంచినా మన జాడీలో తరగదు.

అసలు ఈ డిస్కు ఎందుకంత సుకుమారం? లోపల అద్దంలాంటి గుండ్రటి పళ్ళేలు నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంటాయి. వాటిమీద సూదిలాంటి చిన్న తల, తగిలీ తగలకుండా, వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని ఎత్తులో పోతూ రాతను చదువుతుంది. తిరుగుతున్నప్పుడు పడితే ఆ తల పళ్ళేన్ని గీకేస్తుంది. అదే మా ఇంట్లో జరిగింది. 1956లో ఐబీఎం కంపెనీ చేసిన మొట్టమొదటి హార్డ్ డిస్కులో రెండడుగుల వెడల్పు పళ్ళేలు 50 ఉండేవట. మొత్తం యంత్రం బరువు టన్ను పైమాటే. అంతా కలిపి పట్టేది మన ఫోన్లోని ఒకటి రెండు ఫోటోలంత. దాన్ని ఏ మనవడూ పడేయలేడు!

ఇప్పుడు కదిలే భాగాలే లేని ఎస్ఎస్‌డీలు వచ్చాయి. కిందపడ్డా చాలావరకు తట్టుకుంటాయి, వేగమూ ఎక్కువ. ఖరీదూ ఎక్కువే. పైగా కరెంటు తగలకుండా ఏళ్ళ తరబడి బీరువాలో పడేస్తే వాటిలోని రాత క్రమంగా చెరిగిపోయే ప్రమాదం ఉంది. రోజూ వాడే పనికి ఎస్ఎస్‌డీ, దాచిపెట్టుకునే పనికి మామూలు హార్డ్ డిస్కు, ఇదీ నా లెక్క.

కొనేటప్పుడు ఒక మాట. ఒక టీబీ డిస్కు తెచ్చి తగిలిస్తే విండోస్ లాప్‌టాప్ 931 జీబీ అని చూపిస్తుంది. షాపువాడు తూకంలో మోసం చేశాడని పోట్లాటకు పోకండి, నేను పోబోయాను. కంపెనీ వెయ్యి చొప్పున లెక్కపెడుతుంది, కంప్యూటరు 1,024 చొప్పున లెక్కపెడుతుంది, తేడా అంతే. ఒక్కో ఫోటో నాలుగు ఎంబీ అనుకున్నా రెండు లక్షలకు పైగా పడతాయి. మామూలు సంసారానికి చాలు. ఆన్‌లైనులో 16 టీబీ డిస్కు కొన్ని వందల రూపాయలకే అని కనబడితే మాత్రం అటు చూడకండి. లోపల చిన్న చిప్పు ఒకటి పెట్టి పెద్ద అంకె చూపించేలా చేసిన నకిలీలు అవి. ఎక్కించినట్టే చూపిస్తాయి, తీరా తెరిస్తే ఏమీ ఉండదు.

ఇక ఎక్కించే పద్ధతి. ఫోన్ని తీగతో లాప్‌టాప్‌కి తగిలించి, ఫోను తెర మీద ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఎంచుకుంటే కెమెరా ఫోటోలు డీసీఐఎం అనే ఫోల్డరులో కనబడతాయి. వాట్సాప్‌లో వచ్చినవి వేరే ఫోల్డరులో ఉంటాయి, చాలామంది దాన్నే మరిచిపోతారు. కాపీ అయ్యాక రెండు వైపులా ఎన్ని ఫైళ్ళున్నాయో సరిచూసుకోవాలి. చాకలి పద్దు రాసుకున్నట్టే, వేసినవి ఎన్నో వచ్చినవి అన్ని ఉండాలి. తర్వాత అక్కడక్కడ నాలుగు తెరిచి చూడండి. తీగ పీకేముందు ఎజెక్ట్ నొక్కి, ఇక తీయొచ్చు అని వచ్చాకే తీయాలి. రాత ఇంకా నడుస్తుండగా పీకితే ఫైళ్ళు చెడతాయి. లాప్‌టాప్ లేనివాళ్ళు ఓటీజీ అనే చిన్న ముక్కతో ఫోనుకే డిస్కు తగిలించవచ్చు. కాకపోతే కొన్ని ఫోన్లు హార్డ్ డిస్కు తిరగడానికి సరిపడా కరెంటు ఇవ్వలేవు. అప్పుడు పెన్‌డ్రైవే గతి.

ఫోల్డరు పేరు ముందు సంవత్సరం పెట్టండి. 2024 సంక్రాంతి, 2025 అక్షరాభ్యాసం, ఇలా. లేకపోతే వెతుక్కోవడానికే జన్మ చాలదు.

"ఇవన్నీ దేనికి, గూగుల్ దాచిపెడుతుంది కదా" అంటుంది మా తోడికోడలు. దాచిపెడుతుంది, కాదనను. అయితే గూగుల్ ఫోటోస్‌లో ఎంతైనా ఉచితమన్న రోజులు 2021 జూన్ 1తో పోయాయి. ఇప్పుడు ఉచితంగా వచ్చేది 15 జీబీ, ఉత్తరాలూ ఫోటోలూ అన్నీ కలిపి. దానికంటే ముఖ్యమైన సంగతి, ఆ యాప్‌లో ఒక ఫోటోని డిలీట్ చేస్తే ఫోన్లోనూ పోతుంది, పైనా పోతుంది. కొన్నాళ్ళు చెత్తబుట్టలో ఉంటుంది, ఆలోపు గుర్తొస్తే బతికిపోయాం. అందుకని అది ఒక ప్రతి అనుకోండి, అదే సర్వస్వం అనుకోకండి. ఫోటోగ్రాఫర్లు 3-2-1 అంటుంటారు. మూడు ప్రతులు, రెండు రకాల వస్తువుల మీద, అందులో ఒకటి వేరే చోట.

ఈ "వేరే చోట" అన్నదే అన్నిటికంటే ముఖ్యం. రెండు డిస్కులు కొని రెండింటినీ ఒకే బీరువాలో పెడితే ఏం లాభం? దొంగ ఒకడే వస్తాడు, నిప్పు ఒకటే అంటుకుంటుంది. మాది మెట్ట ప్రాంతం, నీళ్ళ కోసం ఎదురుచూసే జనం, వరద మాట ఎత్తితే మా చిన్నప్పుడు నవ్వేవాళ్ళు. 2021 నవంబరులో సోమశిల నిండి గేట్లు ఎత్తాక కింద పెన్న ఒడ్డు పల్లెల్లో ఇళ్ళల్లోకి నీళ్ళొచ్చాయి. ఆస్తి కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు, పెళ్ళి ఆల్బములు, ఏది తడిస్తే దాన్ని మళ్ళీ ఎక్కడి నుంచి తెస్తాం? ఉదయగిరిలో చెక్క గరిటెల నమూనాలు ఫోన్లో చూపించి ఆర్డర్లు తెచ్చుకునే ఆడవాళ్ళకైతే ఆ ఫోటోలే దుకాణం.

అన్నట్టు, ఈ జాగ్రత్త మన జిల్లాకి కొత్తేమీ కాదు. ఉదయగిరి, ఆత్మకూరు తాలూకాలతో సహా నెల్లూరు జిల్లాలోని రాతి శాసనాలు, రాగిరేకుల మీది రాతలు సేకరించి బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి అనే ఇద్దరు 1905లో మూడు సంపుటాలుగా అచ్చు వేయించారు. రాతి మీద చెక్కినదానికే ఇంకో ప్రతి అవసరమనుకున్నారు వాళ్ళు. మనం గాజు పళ్ళెం మీద రాసుకుని నిశ్చింతగా నిద్రపోతున్నాం!

ఇంకో భయం కూడా ఉంది. 2017 మేలో వన్నాక్రై అనే కంప్యూటరు పురుగు ప్రపంచమంతా పాకి, ఫైళ్ళకు తాళం వేసి డబ్బులడిగింది. మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అలాంటిది వచ్చినప్పుడు లాప్‌టాప్‌కి తగిలించి ఉన్న డిస్కుకీ తాళం పడుతుంది. కాబట్టి పని అయిన వెంటనే ఊడదీసి లోపల పెట్టాలి.

లోపల అంటే ఎక్కడ? బీరువా ఇనుముదైనా ఫరవాలేదు. ఫ్రిజ్ మీద, ఇన్వర్టరు పక్కన, ఎండ పడే కిటికీలో మాత్రం వద్దు. గది వేడి 35 డిగ్రీలు దాటితే వాడొద్దని కొన్ని డిస్కులతో వచ్చే కాగితంలోనే ఉంటుంది. మా వైపు రోహిణి కార్తెలో అది పొద్దున్నే దాటిపోతుంది, అందుకని వేసవిలో ఈ పని తెల్లవారుజామునే. ఆయుధపూజకి బొట్టు పెట్టదలిస్తే డబ్బాకి పెట్టండి, డిస్కు మీద నీళ్ళు చల్లకండి. పొరపాటున తడిసినా, పడినా, టక్ టక్ అన్నా ఇక తగిలించవద్దు. తగిలించిన కొద్దీ ఇంకా గీసుకుపోతుంది. బియ్యం డబ్బాలో పూడ్చిపెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు, బియ్యం దుమ్ము పడుతుంది అంతే. తెర మీద ఫార్మాట్ చేయమంటారా అని అడిగితే చేయవద్దనే చెప్పండి.

మా ఇంట్లో ఇప్పుడు రెండు డిస్కులు. రెండూ కలిపినా పెళ్ళికి పెట్టే మంచి పట్టుచీర ఖరీదు కాలేదు. ఒకటి ఆత్మకూరులో నా దగ్గర, ఇంకోటి ఉదయగిరిలో వదిన దగ్గర. ఉగాదికీ దసరాకీ నేను పుట్టింటికి వెళ్ళేటప్పుడు నాది తీసుకెళ్ళి వదిన డిస్కుతో మార్చుకుని వస్తాను. అది ఇంటికొచ్చాక కొత్తవి దాన్లోకి ఎక్కిస్తాను. అలా ఏ డిస్కూ ఆరేడు నెలల కంటే ఎక్కువ మూలనపడి ఉండదు, పనిచేస్తోందో లేదో కూడా తెలిసిపోతుంది. మా పెళ్ళి వీడియో క్యాసెట్టు కూడా ఎక్కించాం. బూజు పట్టి మధ్యలో పది నిమిషాలు గీతలే, తలంబ్రాలు పోయాయి, అప్పగింతలు మిగిలాయి.

అమ్మవి ఎంత వచ్చాయంటారా? కువైట్‌లో ఉన్న మా తమ్ముడి ఫోన్లోంచి, వదిన ఫోన్లోంచి, పెద్దమ్మ కూతురి ఫోన్లోంచి ఏరితే అరవై చిల్లర ఫోటోలు దొరికాయి. వాట్సాప్‌లో పంపినవి కదా, అన్నీ కొంచెం మసక. చేపల పులుసు వీడియోలోంచి నేనెప్పుడో వదినకి పంపిన నలభై సెకన్ల ముక్క ఒకటి ఆమె ఫోన్లో మిగిలింది. ఇప్పుడది రెండు డిస్కుల్లోనూ ఉంది. అమ్మ దాకని గుడ్డతో పట్టుకుని కుదుపుతూ, "గరిటె పెట్టమాకండి, ముక్క చెదిరిపోద్ది. ఇప్పుడు మామిడికాయ ముక్కలు ఎప్పుడెయ్యాలంటే..." అంటుంది. ముక్క అక్కడికే అయిపోతుంది.