వాక్యూమ్‌లో పాస్, గాలిలో ఫెయిల్

మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో తేలిన బాపతు నేను. ఉద్యోగం మారినా పాత పిచ్చి పోలేదు. ఈమధ్య సెమీ సాలిడ్ ఫార్మింగ్ గురించి మళ్ళీ చదువుతుంటే, మన టెస్టింగ్ గురించే చదువుతున్నట్టు అనిపించింది.

సంగతేంటంటే, సగం కరిగిన లోహం గడ్డపెరుగు లాంటిది. కదపకపోతే నిలబడుతుంది, చిలికితే జారుతుంది. 1970ల మొదట్లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో తగరం-సీసం మిశ్రమం మీద చేసిన ప్రయోగాల్లో ఇది బయటపడింది. అల్యూమినియంతో అయితే 600 డిగ్రీల లోపే పని అయిపోతుంది. ఉక్కుకి మాత్రం దాదాపు 1250 నుంచి 1500 డిగ్రీలు కావాలి. మరి ఆ వేడిని భరించే అచ్చు దేనితో చేస్తారు?

చిక్కంతా ఇక్కడే. మామూలు డై స్టీల్‌ని 550-600 డిగ్రీల దగ్గర టెంపర్ చేస్తారు. అంతకు మించి వేడెక్కుతుంటే పైపొర మెత్తబడుతుంది. పైగా ప్రతి దెబ్బకీ పైపొర వ్యాకోచించబోతుంది, లోపలి చల్లటి లోహం ఆపుతుంది. చల్లారేటప్పుడు ఇదే తిరగబడుతుంది. ఇలా జరగ్గా జరగ్గా వలలాగా పగుళ్ళు. కాబట్టి ఒక్కసారి వేడిచేసి "ఆహా, కరగలేదు" అనుకుంటే ఏమీ తేలదు.

టి.జెడ్.ఎం. అనే మాలిబ్డినం మిశ్రమాన్ని చూడండి. వాక్యూమ్‌లో 1000 డిగ్రీల దగ్గర కూడా బలంగానే ఉంటుంది. గాలి తగిలితే మాత్రం 700-800 డిగ్రీలకే ఆక్సైడుగా మారి ఆవిరైపోవడం మొదలెడుతుంది. వాక్యూమ్ రిపోర్టు అబద్ధమా? కాదు. కానీ మన షాపులో గాలి ఉంది కదా!

ఇది నాకెందుకు గుచ్చుకుందంటే, ఒకసారి ఒక లోడ్ టెస్టు మీద "పాస్" అని రాసిచ్చింది నేనే. గంటసేపు, దాదాపు ఖాళీ డేటాబేసు మీద, ఒకే రకం రిక్వెస్టులు. లైవ్‌కెళ్ళిన మూడోరోజు మెమరీ నిండి సర్వర్ కూలింది. రాత్రంతా మేలుకున్నది నేను కాదు, సపోర్టులో కొత్తగా చేరిన కుర్రాడు. తిట్లూ అతనికే. నా రిపోర్టులో ఒక్క ముక్క అబద్ధం లేదు. అదే నా బాధ.

అందుకే నా అభిప్రాయం ఇది: "పాస్" అని రాసేముందు "ఇవి పరీక్షించలేదు" అని రాయాలి. టైం లేదంటారా? టైం లేదనే రాయండి. ఆ ఒక్క వాక్యం ఎవరి నిద్రనో కాపాడుతుంది. ఏమంటారు?