తేనీటి గిన్నెయు తేయాకు కొండలును



తెల్లవారక మునుపే అమలాపురమున గడియారస్తంభము చెంతనున్న తేనీటి దుకాణములలో పొయ్యిలు రగులుచుండును. రాజోలునను, కొత్తపేటనను ఇదియే తీరు. పొలమునకు పోవు రైతు, కొబ్బరికాయల బేరగాడు, తొలి బస్సు నడపు చోదకుడు, మావంటి ఉపాధ్యాయులు, ఎల్లరును అచ్చట నొక గ్లాసుడు వేడి తేనీరు త్రాగినగాని దినము ప్రారంభమైనదని తలంపరు. లంకలతోను, కాలువలతోను నిండిన మన సీమలో తేయాకు తోట యొక్కటియు లేదు. అయినను ఆ యాకు లేని యిల్లు అరుదు.

నాకు చిరకాలముగా నొక కోరిక గలదు. రాజమహేంద్రవరమున రైలెక్కి, హౌరా మీదుగా ఉత్తరమునకు పోయి, 1881 లో వేయబడిన డార్జిలింగు చిన్నరైలుపై మంచు మేఘముల నడుమ తేయాకు తోటలను చూడవలెనని. కాదేని దక్షిణమున నీలగిరులలోని కూనూరునకైనను పోవలెనని. ఈ కోరిక నా యొక్కనిదే కాదు. ఉపాధ్యాయుల గదిలోనికి తేనీరు వచ్చినప్పుడెల్ల ఎవరో యొకరు ఈ ప్రసంగము తెత్తురు. గ్లాసులు ఖాళీ యగును. ప్రయాణము మరుసటి వేసవికి వాయిదా పడును.

గత సంవత్సరము తరగతిలో నొక బాలుడు, "మాస్టారూ, తేయాకు చెట్టు కొబ్బరిచెట్టంత యెత్తుండునాండీ?" అని యడిగెను. తక్కినవారు నవ్విరి. కాని నవ్వినవారిలో నెవ్వరికిని సమాధానము తెలియదు. ముప్పది యేండ్లుగా దినమునకు మూడు మారులు తేనీరు త్రాగుచున్న నాకును సరిగా తెలియకపోయెను. ఇంటికి పోయి పుస్తకములు తిరుగవేసితిని. కత్తిరింపక విడిచినచో అది చెట్టుగానే పెరుగును. చేతికందుటకై నడుము నెత్తున నరికి దానిని పొదగా నిలుపుదురు. చేతి కనగా ఎవరి చేతికి? ఈ రెండవ ప్రశ్న ఆ బాలు డడుగలేదు. నన్ను మాత్ర మది విడువలేదు.

అస్సాము అడవులలో తేయాకు సహజముగా పెరుగుచున్నదని 1823 లో రాబర్టు బ్రూసు అను వర్తకుడు అచ్చటి సింగ్‌ఫో జాతివారి వలన తెలిసికొనెను. 1839 జనవరిలో ఆ యాకు లండను నగరమున మొదటిసారి వేలము వేయబడెను; ఆ యేడే అస్సాము కంపెనీ వెలసెను. అడవులు కొట్టి తోటలు వేయుటకు అచ్చటి జనము చాలలేదు. దళారులు దూరప్రాంతముల కరవుపల్లెలకు పోయి, ఆశలు చూపి, ఒడంబడికలపై వ్రేలిముద్రలు వేయించి, వేలకొలది కుటుంబములను పడవలమీదను రైళ్లమీదను తరలించుకొనిపోయిరి. అట్లు పోయినవారిలో ఛోటానాగపూరు గిరిజనులు, ఒరియావారు మాత్రమే కాక గంజాము, విశాఖపట్టణము జిల్లాల తెలుగువారును గలరు. పారిపోవు కూలిని వారంటు లేకయే పట్టుకొను అధికారమును తోటదొరలకు 1865 నాటి చట్ట మొసగెను. ఆ యధికారము 1908 వరకు తొలగలేదు. 1921 లో చర్‌గోలా లోయనుండి వేలమంది పనివారు తోటలు విడిచి స్వగ్రామముల దారి పట్టగా చాంద్‌పూరులో వారిపై దౌర్జన్యము జరిగినది. ఇన్ని జరిగినను, పోయిన తెలుగువారిలో పెక్కుమంది తిరిగి రాలేదు. వారి సంతతివారు నేటికిని ఆ తోటలలో గలరు. మనము కలలు గను కొండలకు మన బంధువులు ముందే పోయిరి, మనము వినోదమునకు పోదలచితిమి, వారు పొట్టకూటికి పోయిరి.

ఇక నొక లెక్క చూడుడు. ఒక గ్లాసు తేనీటికి రెండు గ్రాముల పొడి చాలును. దినమునకు మూడు గ్లాసులు త్రాగువానికి ఏటికి రెండు కిలోల పైచిలుకు పొడి పట్టును. ఒక కిలో పొడికి సుమారు నాలుగున్నర కిలోల పచ్చియాకు కావలెను. కావున నా యేడాది తేనీటికి పది కిలోల పచ్చియాకు. అస్సాము తోటలలో పెక్కుచోట్ల ఒక దినపు కోత ఇరువది కిలోలకు మించును. అనగా నే నేడాది పొడవున త్రాగు తేనీటిని ఒక స్త్రీ అరదినములో కోసి వేయుచున్నది! బ్రహ్మపుత్ర లోయ తోటలలో దినకూలి 2023 అక్టోబరు నుండి 250 రూపాయలుగా నిర్ణయింపబడెను. దుకాణమున గ్లాసు పది రూపాయల చొప్పున నేను ఏటికి పదివేల తొమ్మిదివందల రూపాయలకు పైగా చెల్లింతును. ఆ కూలి చొప్పున అందు కోసిన చేతికి చేరునది నూట యిరువదియైదు రూపాయలకు మించదు. పాలు, పంచదార, వంటచెరకు, దుకాణదారుని శ్రమ, రవాణా, కర్మాగారపు వ్యయము అన్నియు అందే యున్నవని నే నెరుగుదును. ఎవరిని దొంగ యనుట నా యభిమతము కాదు. కాని లెక్క తెలిసిన పిమ్మట ఆ పచ్చని కొండల చిత్రపటము నాకు మునుపటివలె కనబడుట లేదు.

కొందరు, "అట్లైన తేనీరు మానుడు" అందురు. మహాత్ముడును తేనీటిని హర్షింపలేదు. నే నా మాట ననను. మనమందరము మానినచో ముందుగా పని పోవునది ఆ కోయు స్త్రీకే. మరికొందరు, "చూడబోవువానికి ఈ విచారమేల? కొండలు చూచి సంతసించిన చాలదా?" అందురు. వీరికి మన సీమయే ప్రత్యుత్తర మీయగలదు. దిండికి పడవయింటిలో విహరింప వచ్చు పట్టణవాసులను చూచితిరి గదా! కొబ్బరితోపులను, గోదావరిపాయలను చూచి, ఛాయాచిత్రములు తీసికొని, "కోనసీమ స్వర్గము" అని కొనియాడి పోవుదురు. వారి మెప్పు మనకును ఇంపుగనే యుండును. కాని నడుమునకు కత్తి దోపుకొని నిలువెత్తు చెట్లెక్కు దింపువానిని వారిలో నెందరు పలుకరించిరి? గునపముపై కాయ గ్రుచ్చి పగలెల్ల పీచు నొలుచువాని యరచేతుల నెవరు చూచిరి? దింపువాడు చెట్టుపైనుండి జారి పడినచో ఆ యింటి గతి యేమి యని యడిగినవా రెవ్వరు? ఆ ప్రశ్న లేకుండ పోయినవారు కోనసీమను చూచినవారు కారని మన మందుము. అట్లే అడుగక తిరిగివచ్చిన మనమును డార్జిలింగును చూచినవారము కాము.

కావున నా యభిప్రాయ మిది. కలలు మానవలదు, ప్రయాణమును ఏటేట వాయిదా వేయుటయు వలదు. కాని పోవునపుడు కన్నులతోపాటు ఒక ప్రశ్నను గూడ కొనిపోవలెను. తోటలో పనిచేయువారిని మర్యాదతో పలుకరించి, "మీ పెద్ద లే యూరివారు?" అని యడుగుడు. అస్సామున ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరము మన యుత్తరాంధ్ర పల్లెయొకటి కావచ్చును. అంత దూరము పోజాలనివారికి అరకులోయ చేరువనే గలదు. అచ్చట తేయాకు కాదు, కాఫీ. 2019 లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పంటను గిరిజన రైతులు తమ చిన్న చిన్న తోటలలో తామే పండించుచున్నారు. కోయు చేయియు, తోటకు హక్కుదారుయు ఒక్కరే యైనచో బ్రతు కెట్లు మారునో, మారదో, అచ్చట కన్నులార చూడవచ్చును.

అంతకు మునుపు రూపాయి ఖర్చు లేని ప్రయాణ మొకటి గలదు. ఈ సెలవులలో మీలో ప్రతివాడును తన యూరి దింపువానితోనో, ఒలుపువానితోనో ఒక పూట కూర్చుండి, అతని పని, కూలి, భయములు అడిగి తెలిసికొని వ్రాసికొని రండు. వచ్చే యేటి సంచికకు అంతకంటె మంచి వ్యాసములు దొరకవు. పొరుగున నున్నవానిని చూడ నేర్చిన కన్నే దూరపు కొండలపైనున్నవానిని చూడగలదు.

ఆ బాలుని ప్రశ్నకు మరునాడు తరగతిలో సమాధానము చెప్పితిని: "నాయనా, తేయాకు చెట్టు నీ నడుము నెత్తుండును. నడుము నెత్తున నుంచిన దెందుకో, నీవు పెద్దవాడవై పోయి చూచి నాకు చెప్పుము."