టాప్ ఎక్కించడం ఒక్కని పని కాదు

మిషిగన్‌లో ఉంటున్న మా తమ్ముని కొడుకు దగ్గర ఓ పాత మాజ్డా మియాటా ఉంది. రెండే సీట్లు, వెనక్కి మడిచేసే గుడ్డ టాప్. చలికాలంలో బిగించుకోవడానికి గట్టి టాప్ వేరే ఉంటుంది. మొన్న నవంబర్‌లో, రేపు మంచు పడుతుందనగా, రాత్రిపూట దాన్ని ఒక్కడే ఎత్తబోయి నడుం పట్టేసుకున్నడు. వాళ్ళమ్మకు చెప్పలేదు. మాకు వీడియో కాల్‌లో చెప్పిండు: "ఇరవై కిలోలే గద పెద్దబాపూ, ఏమైతది అనుకున్న."

ఇంట్లో తలా ఒక మాట. అమ్మేసి మామూలు కారు కొనుక్కోమని ఒకరు. ఏడాదంతా ఆ టాప్ అట్లనే ఉంచెయ్యమని ఇంకొకరు. మా అభిప్రాయం వేరు. తప్పు కారుది కాదు, బరువుది కూడా కాదు. చలి ముదిరినంక పని పెట్టుకోవడం ఒక తప్పు, ఒక్కడే పెట్టుకోవడం రెండో తప్పు.

భివండీ పద్మనగర్‌లో సాంచాల చప్పుడు మధ్య పెరిగినోళ్ళకు ఇది కొత్త ముచ్చట కాదు. సైజింగ్ నుంచి భీము వస్తే, ఎంత బలమున్నోడైనా ఒక్కడే సాంచా మీదికి ఎక్కించడు. పక్కోళ్ళు తమ సాంచా ఆపి మరీ వచ్చి చెయ్యేస్తారు. సరుకుకు దాని వేళ కూడా ఉంటుంది. గాలి పొడిబారితే నూలు ఎక్కువ తెగుతుంది. కొంచెం తేమ ఉంటేనే పత్తి దారానికి బలం. కార్ఖానా రేకుల మీద తాడ్‌పత్రి మే ఎండల్లోనే పరుస్తం, జూన్ వాన మొదలైనంక కాదు.

కారు సంగతీ అంతే. టాప్ అంచుల రబ్బరు చలికి బిగుసుకుపోతుంది, నొక్కితే అణగదు. అణగకపోతే కొక్కెం అందదు. బలవంతంగా లాగితే కొక్కెమే వంగుతుంది. గట్టి టాప్ పెట్టాలంటే ముందు గుడ్డ టాప్ వెనక్కి మడవాలి. పాత మోడల్‌లో వెనక కిటికీ ప్లాస్టిక్‌ది. జిప్ తీసి దాన్ని చదునుగా పరచకుండా మడిస్తే, అందులోనూ చలిలో, పగులుతుంది.

అందుకే వాడికి చెప్పినం. అక్టోబర్‌లోనే, ఎండ ఉన్న మధ్యాహ్నం పెట్టుకో. ఆలస్యమైతే టాప్‌నూ కారునూ ముందురోజు నుంచే వెచ్చని గరాజ్‌లో ఉంచు. రబ్బరుకు సిలికాన్ గ్రీజు పల్చగా రాయి, పెట్రోలియం గ్రీజు వద్దు. ఇక్కడి నుంచి తీసుకుపోయిన సోలాపూర్ చాదర్ డిక్కీ మీద పరువు, రంగు గీసుకుపోదు. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని నిలువుగా దించండి. కొక్కేలన్నీ ముందు వదులుగా తగిలించి, టాప్ సరిగ్గా కూర్చుందని రెండువైపులా చూసుకున్నాకే బిగించండి.

"ఇద్దరూ అంటే ఇంకొకరెవరు?" అన్నడు వాడు.

నాలుగిళ్ళ అవతల తెలుగువాళ్ళే ఉన్నరట. రెండేండ్ల నుంచి చెయ్యి ఊపుకోవడమే, పేర్లు కూడా తెల్వదు. "చిన్న పనికి వాళ్ళనేం ఇబ్బంది పెడతం" అంటడు. గరాజ్ కప్పుకు కప్పీ కట్టుకుంటడట. కట్టుకోనీ, బరువు మోయడానికి అది మంచిదే. కానీ అవతలివైపు టాప్ కూర్చుందో లేదో కప్పీ చెప్పదు. నడుం పట్టేసి కింద పడుంటే వచ్చి లేపదు.

మా తాత కరీంనగర్ జిల్లా నుంచి భివండీ వచ్చిననాడు మరాఠీ రాదు, చేతిలో పైసలు లేవు. పండుకోవడానికి చోటు అడిగిండు, సాంచా మీద పని అడిగిండు, పిల్లల బడికి దారి అడిగిండు. అడగడం నామోషీ అనుకుంటే ఈ ఇల్లే లేదు. ఆయన్ని అడిగినోళ్ళకు ఆయనా చేసిండు. అట్లనే ఇక్కడ మనకొక వాడ అయింది. మన పిల్లలకు జీతాలు పెరిగినయ్, ఇండ్లు పెద్దగైనయ్, అడిగే అలవాటు మాత్రం పోతున్నది. ఎవరికీ బాకీ పడొద్దు అనుకుంటున్నరు. ఇంత బాకీ కూడా లేకపోతే ఇరుగుపొరుగు ఎట్లయితరు?

మీ పిల్లలు పుణెలో ఉన్నా, డల్లాస్‌లో ఉన్నా ఈసారి ఫోన్ చేసినప్పుడు జీతం, తిండి అడిగినంక ఇదొక్కటి కూడా అడగండి: "బరువు ఎత్తాల్సి వస్తే ఎవర్ని పిలుస్తవ్?"

మావాడు మార్చిలో ఆ టాప్ దించాలి. సంక్రాంతి సకినాలు పార్సిల్ చేసేటప్పుడు రెండు పొట్లాలు వేరువేరుగా కట్టినం. రెండోది ఎవరికో వాడికి చెప్పాల్సిన పనిలేదు.