వెంచర్ పెట్టుబడి లెక్కలో రైతు ఎక్కడ?

వ్యవసాయ స్టార్టప్‌ల కోసం కేంద్ర ప్రభుత్వం, నాబార్డు కలిసి 2024 సెప్టెంబరులో ‘అగ్రిష్యూర్’ పేరుతో 750 కోట్ల రూపాయల నిధిని ప్రారంభించాయి. అందులో కేంద్రం వాటా 250 కోట్లు, నాబార్డు వాటా 250 కోట్లు. మిగిలింది బ్యాంకులు, బీమా సంస్థలు, ప్రైవేటు పెట్టుబడిదారుల నుంచి రావాలి. అదే ఏడాది బడ్జెట్‌లో స్టార్టప్‌ల వాటాల మీద ఉన్న ఏంజెల్ ట్యాక్స్‌ను రద్దు చేశారు. 2025 బడ్జెట్‌లో స్టార్టప్ నిధులకు మరో 10,000 కోట్లు ప్రకటించారు. ప్రజల సొమ్ము ఇలా తరలుతోంది. ఆ సొమ్ముతో నడిచే కంపెనీల్లో కొన్ని మన పంట కొంటున్నాయి, మనకు ఎరువులు, పురుగుమందులు అమ్ముతున్నాయి. కాబట్టి ఈ పెట్టుబడి ఎలా నడుస్తుందో, అది దెబ్బతిన్నప్పుడు ఎవరి మీద పడుతుందో రైతు సంఘం తెలుసుకోవాలి.

వెంచర్ క్యాపిటల్ అప్పు కాదు. దానికి వడ్డీ, వాయిదాలు ఉండవు. కంపెనీలో వాటా తీసుకుని డబ్బు ఇస్తారు. 2 కోట్లు ఇచ్చి అయిదో వంతు వాటా తీసుకుంటే ఆ కంపెనీ విలువ 10 కోట్లని లెక్క కడతారు. తర్వాత వచ్చేవారు అంతకంటే ఎక్కువ విలువ కట్టి కొంటేనే మొదట పెట్టినవారికి లాభం. నిధి కాలపరిమితి సాధారణంగా పదేళ్లు. ఆలోగా వాటాలు అమ్మి, తమకు డబ్బు అప్పగించినవారికి తిరిగి ఇవ్వాలి. పది కంపెనీల్లో పెడితే చాలావరకు మునుగుతాయని, ఒకటో రెండో ఎన్నో రెట్లు పెరిగి ఆ నష్టాన్ని పూడుస్తాయని ముందే అనుకుని దిగుతారు. ఇది వాళ్ల వ్యాపారం, ఇందులో దాపరికం ఏమీ లేదు. అయితే ఈ లెక్క పొలానికి పొసగదు.

తొలిదశలో ఇచ్చే డబ్బు మామూలుగా ఏడాదిన్నర, మహా అయితే రెండేళ్ల ఖర్చుకు సరిపోతుంది. ఆలోపు ఎదుగుదల చూపిస్తేనే తర్వాతి విడత వస్తుంది. ఫోన్ యాప్‌లో తప్పుంటే వారంలో దిద్దుకోవచ్చు. ఖరీఫ్ మాత్రం ఏడాదికి ఒక్కసారే వస్తుంది. పత్తిలో గులాబీ రంగు పురుగును అదుపు చేసే కొత్త పద్ధతిని ఎవరైనా కనిపెట్టారనుకుందాం. మొదటి ఏడాది వానలు ముఖం చాటేస్తే పరీక్ష తేలదు. రెండో ఏడాది పురుగు ఉధృతి లేకపోయినా తేలదు. మన వ్యవసాయ విశ్వవిద్యాలయాలు కొత్త వంగడాన్ని పలు ప్రాంతాల్లో, రైతుల పొలాల్లో మినీకిట్లుగా ఏళ్ల తరబడి చూశాకే విడుదల చేయడానికి కారణం ఇదే. ఏడాదిన్నర గడువున్న పెట్టుబడికి అంత ఓపిక ఉండదు.

అందుకే ఈ డబ్బు నేల సారం, విత్తనం, కరువును తట్టుకునే సాగు వైపు తక్కువగా, త్వరగా తిరిగే పనుల వైపు ఎక్కువగా వెళ్లింది. నింజాకార్ట్ పంటను నగరాలకు చేర్చే వ్యాపారం. ఆగ్రోస్టార్ ప్రధానంగా విత్తనాలు, ఎరువులు, మందుల అమ్మకం. దెహాత్ అటు అమ్మకం, ఇటు పంట కొనుగోలు రెండూ చేస్తుంది. ఇవి పనికిరానివని ఎవరూ అనరు. దళారీ చేతులు తగ్గితే, తూకంలో మోసం తగ్గితే రైతుకు మేలే. కానీ సాగులోని అసలు కష్టాలకు ఈ డబ్బుతో పరిష్కారం దొరుకుతుందని ఆశపడితే నిరాశే మిగులుతుంది. అమెరికాలో గోదాముల్లాంటి భవనాల్లో, విద్యుద్దీపాల వెలుగులో ఆకుకూరలు పెంచిన కంపెనీలకు కోట్ల డాలర్లు గుమ్మరించారు. వాటిలో ఏరోఫార్మ్స్ 2023లో దివాలా రక్షణ కోరింది. బవరీ 2024లో మూతపడింది.

ఇక కాలం మారితే ఏమవుతుందో చూద్దాం. 2021లో ప్రపంచమంతటా డబ్బు చౌకగా దొరికింది, స్టార్టప్‌లకు పెట్టుబడి వరదలా వచ్చింది. 2022లో అమెరికాలో వడ్డీ రేట్లు పెరగడంతో ఆ వరద తీసింది. ఇప్పుడు పెట్టుబడిదారుల చూపంతా కృత్రిమ మేధ మీద ఉంది. నిన్నటిదాకా ‘ఎన్ని టన్నులు కొన్నారు’ అని అడిగినవారు నేడు ‘లాభం ఎప్పుడు’ అని అడుగుతున్నారు. టన్నులు పెంచుకోవాలన్న తాపత్రయంలో కిలోకు రూపాయి ఎక్కువ ఇచ్చిన కంపెనీ, లాభం చూపించాల్సి వచ్చేసరికి ఎక్కడ కోత పెడుతుంది? ధరలో పెడుతుంది, గ్రేడింగ్‌లో పెడుతుంది, చెల్లింపు గడువులో పెడుతుంది. ఈలోగా ఊరికి వచ్చే పాత కొనుగోలుదారు దారి మార్చుకుని ఉంటాడు. పొలాల నుంచి కూరగాయలు తెప్పించి ఢిల్లీ పరిసరాల్లో ఇళ్లకు చేర్చిన ఓటిపి అనే కంపెనీ, పెద్ద పెట్టుబడిదారుల అండ ఉండి కూడా, 2025 మేలో మూతపడింది.

కంపెనీ మునిగినప్పుడు చట్టప్రకారం వాటాదారులు అందరికంటే వెనుక ఉంటారు, బాకీ ఉన్న రైతు వారికంటే ముందే ఉంటాడు. అయితే రైతుకంటే ముందు వరుసలో దివాలా ప్రక్రియ ఖర్చులు, తాకట్టు పెట్టుకున్న బ్యాంకులు, కార్మికుల బకాయిలు, ఉద్యోగుల జీతాలు, తాకట్టు లేని అప్పులిచ్చిన సంస్థలు, ప్రభుత్వ పన్నులు ఉంటాయి. అవన్నీ తీరాక ఏమైనా మిగిలితే కదా! పైగా 2020 మార్చి నుంచి కంపెనీ మీద దివాలా పిటిషన్ వేయాలంటే బాకీ కనీసం కోటి రూపాయలు ఉండాలి. టమాటా రైతుకు రావలసిన ఎనభై వేలు కోటి ఎప్పటికవుతుంది? పెట్టుబడిదారుకు ఒకటి పోతే ఇంకా తొమ్మిది కంపెనీలున్నాయి. రైతుకు ఉన్నది ఒక్క పంట.

వెంచర్ పెట్టుబడి మన పల్లెలకు కొత్త కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మహిళలకు చిన్న అప్పులిచ్చిన ఎస్‌కేఎస్ స్వచ్ఛంద సంస్థగా మొదలై కంపెనీగా మారింది. సెకోయా వంటి పెట్టుబడి సంస్థలు అందులో వాటాలు తీసుకున్నాయి. 2010 ఆగస్టులో షేరు 985 రూపాయలకు పబ్లిక్ ఇష్యూకు వచ్చింది. మైక్రోఫైనాన్స్ సంస్థలన్నీ పోటీ పడి ఒకే ఇంటికి నాలుగైదు అప్పులు అంటగట్టిన కాలమది. వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తల మధ్య రెండు నెలలు తిరక్కుండానే, అక్టోబరులో, రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. వేగంగా పెరగడమే కొలమానమైతే ఆ వేగం భారం చివరికి అప్పు తీసుకున్న ఆడబిడ్డ మీద పడింది. చట్టం మాత్రం ప్రాణాలు పోయాక వచ్చింది. పంట కొనే కంపెనీల విషయంలో మళ్లీ అలా జరగనివ్వకూడదు.

అదే సమయంలో రైతుల సొంత సంస్థలకు ఏం ఇస్తున్నారో కూడా చూడాలి. 2002 కంపెనీల సవరణ చట్టంతో వచ్చిన ఉత్పత్తిదారుల కంపెనీలో రైతులకే సభ్యత్వం, వాటా ఎంతున్నా మనిషికి ఒకే ఓటు. కాబట్టి వెంచర్ నిధులు అందులోకి రాలేవు, రావలసిన అవసరమూ లేదు. కానీ దానికి బదులు ప్రభుత్వం ఇచ్చేదెంత? 10,000 రైతు ఉత్పత్తిదారుల సంస్థల పథకంలో ఒక్కో సంస్థకు వాటా గ్రాంటు గరిష్ఠంగా 15 లక్షలు, నిర్వహణ ఖర్చులకు మూడేళ్లకు 18 లక్షలు. మూడేళ్లయ్యాక తన కాళ్ల మీద తాను నిలబడాలంటారు. నష్టాల్లో ఉన్న స్టార్టప్‌కు ఏడేళ్లు ఎదురుచూసే ఓపిక ఉన్నప్పుడు, వెయ్యిమంది రైతులు కట్టుకున్న సంస్థకు మూడేళ్ల గడువేమిటి? 1956లో మొదలైన ముల్కనూరు సహకార సంఘం ఇప్పటికీ నిలిచి ఉందంటే, అందులోని పెట్టుబడి సభ్యులదే కావడం, దానికి ఊరు విడిచిపోయే తొందర లేకపోవడం ప్రధాన కారణాలు.

స్టార్టప్‌లను తరిమేయాలని మనం కోరడం లేదు. నష్టం భరించేవాడికి రక్షణ కావాలని కోరుతున్నాం. మన డిమాండ్లు ఇవి:

మొదటిది, మార్కెట్ యార్డు బయట రైతు దగ్గర నేరుగా కొనే ప్రతి కంపెనీ కనీసం పదిహేను రోజుల కొనుగోళ్ల విలువకు బ్యాంకు గ్యారంటీని మార్కెట్ కమిటీ దగ్గర ఉంచాలి.

రెండోది, ప్రభుత్వ నిధి పెట్టుబడి పెట్టిన కంపెనీ మూడు రోజుల్లో రైతుకు డబ్బు చెల్లించాలి. రైతులకు ఉన్న బకాయిలెంతో మూడు నెలలకోసారి బహిరంగంగా ప్రకటించాలి.

మూడోది, ప్రభుత్వ నిధుల్లో ఒక భాగాన్ని మూడు సీజన్ల పరీక్ష అవసరమైన పనులకు ప్రత్యేకించాలి. ఫలితాలు, బాగున్నా బాగోలేకపోయినా, కృషి విజ్ఞాన కేంద్రాల ద్వారా అందరికీ తెలపాలి.

నాలుగోది, రైతు ఉత్పత్తిదారుల సంస్థలకు తోడ్పాటు కాలాన్ని పెంచాలి, పంట కొనుగోలుకు కావలసిన నిర్వహణ పెట్టుబడిని తక్కువ వడ్డీకి ఇవ్వాలి.

అయిదోది, మన భూమి, పంట, అప్పుల వివరాలు యాప్‌లో తీసుకునే ముందు తెలుగులో రాసిన ఒప్పందం చూపాలి, రైతు వద్దంటే తుడిచేయాలి. భూమి రికార్డే ఆధారమైతే కౌలు రైతు ఈ లెక్కల్లోనే ఉండడు. ఆ లోపాన్నీ సరిదిద్దాలి.

ప్రభుత్వం కదిలేదాకా గ్రామ కమిటీలు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఊళ్లోకి కొత్తగా వచ్చిన కంపెనీ ఏ పేరుతో రిజిస్టరయిందో, బిల్లు ఎవరి పేరు మీద ఇస్తోందో కనుక్కోండి. తూకం చీటీ, బిల్లు లేకుండా బస్తా కదలనివ్వకండి. పాత బాకీ చేతికి అందాకే తర్వాతి లోడు ఎత్తించండి. ఎవరి బాకీ ఎంతుందో కమిటీ పుస్తకంలో ప్రతి వారం రాసి, రెండు వారాలు దాటితే మండల కమిటీకి తెలపండి. ఒక్కో రైతు విడివిడిగా అడిగితే ఫోన్ ఎత్తనివారు, ఊరంతా ఒకే కాగితం మీద సంతకాలు పెట్టి అడిగితే జవాబు చెప్పక తప్పదు.