జోడెవరు? తోటివారెవరు?

విశాఖపట్టణమున సముద్రతీరమునకు సమీపమున ఈస్ట్ పాయింట్ గాల్ఫ్ మైదానము కలదు. గాల్ఫ్ అనగానే అది దొరల యాటయని మన యిండ్లలో నేటికిని మొగము త్రిప్పుకొనువారున్నారు. కాని కాలము మాఱినది. 2023 సంవత్సరమున హాంగ్‌జౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో అదితీ అశోక్ రజతపతకము గైకొని, ఆ క్రీడల గాల్ఫ్ పోటీలో పతకమందిన ప్రథమ భారతవనిత యయ్యెను. మన బాలికలును కర్ర చేతబట్టు దినములివి. కావున నీ యాటలోని ధర్మసూక్ష్మ మొకటి సోదరీమణులకు విన్నవించెదను.

జట్లుగా ఆడునపుడు పక్కనున్న మనిషి మనకేమగును? ఈ ప్రశ్నకు గాల్ఫ్ నిబంధనలు మూడు విధముల సమాధానము చెప్పుచున్నవి.

మొదటిది జోడు. ఇరువురొక పక్షముగా ఏర్పడి యాడినచో వారు జోడు. ఫోర్‌సమ్స్ అను పద్ధతిలో ఇద్దఱికిని బంతి యొక్కటే. ఒకరి తరువాత నొకరు కొట్టవలయును. ఒకరి తప్పునకు దండన ఇరువురికిని చెందును. ఫోర్‌బాల్ అను పద్ధతిలో ఎవరి బంతి వారిదే. ప్రతి గుంటకును ఇద్దఱిలో తక్కువ దెబ్బలతో ముగించినవారి లెక్క నిలుచును. జోడును సలహా అడుగవచ్చును, చెప్పవచ్చును. కర్రలు మోయు క్యాడీకిని, అర్జునుని రథముపై కృష్ణునకు వలె, ఈ యధికారము కలదు.

రెండవది తోటి పోటీదారు. ఆమె మనతో కలిసి నడచును గాని ఆమె లెక్క వేఱు. 2019లో నిబంధనలను సవరించినపుడు తోటి పోటీదారు అను మాటను తొలగించిరి. కర్తవ్యము మాత్రము తొలగలేదు. గుంట యెంత దూరమున నున్నది, నిబంధన యేమని చెప్పుచున్నది అని ఆమెను అడుగవచ్చును. “ఏ కర్రతో గొట్టితివి?” అని మాత్రము అడుగరాదు. అడిగినచో, దెబ్బలు లెక్కించు పోటీలో రెండు దెబ్బలు అదనముగా పడును. ఎదురెదురు పోటీలో ఆ గుంటయే పోవును.

మూడవదియే మిక్కిలి సూక్ష్మము. ఒకే జట్టువారైనను జోడు కానివారి మాట యిది. 1964లో ఆరంభమైన ఎస్పిరిటో శాంటో ట్రోఫీ, అనగా ఔత్సాహిక స్త్రీల ప్రపంచ జట్టు పోటీని చూడుడు. జట్టునకు ముగ్గురు, ప్రతిదినమును వారిలో ఉత్తమమైన రెండు లెక్కలనే జట్టునకు కలుపుదురు. ఫలము ఉమ్మడిదే, ఐనను మైదానములో జోడు కాని జట్టువారొకరికొకరు సలహా చెప్పుకొనరాదనియే నిబంధన. స్కోరు జట్టు లెక్కకు మాత్రమే చెందునపుడు, ఒకే గుంపున నడచువారికి నిర్వాహకులు ప్రత్యేకముగా అనుమతి నీయవచ్చును. అట్టి యనుమతి లేనిచో మౌనమే ధర్మము.

సంజ్ఞయు సలహాయే. భారతమున గదాయుద్ధ ఘట్టము తలచుకొనుడు. నాభికి దిగువ గొట్టరాదని నియమము. అర్జునుడు నోరు మెదపలేదు. భీముడు చూచుచుండగా తన తొడను చఱచెను, అంతే. భీముడు దాని నెఱిగి దుర్యోధనుని తొడలు విఱుగగొట్టెను. బలరాముడు హలమెత్తి మీదికి వచ్చెను. అర్జునుడు తమ్ముడే, ఆ పక్షమువాడే. కాని ఆ ద్వంద్వమున జోడు కాడు. గాల్ఫ్ మైదానమున నైనచో, అడుగకయే సంజ్ఞ చేసిన యర్జునునకే దండన తగులును.

ఇంత పట్టుదల యేల? దెబ్బలు లెక్కించు పోటీలో మన ప్రత్యర్థులందఱును మన కన్నులయెదుట నుండరు. పదిమంది వేఱువేఱు గుంటలవద్ద ఆడుచుందురు. వారి తరపున చూచువారు మనమే. అందుచేతనే ఒకరి స్కోరును వ్రాయు మార్కరుగా జోడు ఉండరాదు. మార్కరైన క్రీడాకారిణి, తప్పని యెఱిగియు సంతకము చేసినచో, ఆమెయే పోటీనుండి తొలగింపబడవలసినది. దండనను ఎఱిగియు విడిచిపెట్టుటకు ఇరువురు కూడబలుకుకొన్నచో ఇరువురును పోవలసినదే.

ఇక్కడనే బాలికలకు కష్టము. చెలికత్తె బంతి కదలినది, ఆమె చెప్పలేదు. చెప్పుమన్నచో స్నేహము చెడునేమో యని భయము. తల్లులారా, ఆ భయమును మనమే తీర్పవలయును. తోడికోడలి పొరపాటును కప్పిపుచ్చుట మంచితనమని మనయిండ్లలో తలచుదుము. ఆ పొరపాటు వలన నష్టపడువారు గదిలో లేనిచో మఱింత సులువుగా కప్పుదుము. స్కోరుకార్డుపై సంతకము చేయకముందే, మెల్లగా, ఒంటరిగా, “బంతి కదలినది, చూచితివా?” అని యడుగుట చాలును. చెలికత్తె తన నోటనే చెప్పుకొన్నచో ఆమె గౌరవమును నిలుచును, కనబడని పదిమందికిని న్యాయము జరుగును. అందుకును ఆమె ఒప్పుకొననిచో, సంతకము చేయక నిర్వాహకులకు తెలుపవలయును. ఆ మాటకు తెగిపోవు స్నేహమును గుఱించి విచారింప బనిలేదు.